ముందస్తు గాలికి తోడు కావలెను

గాలికి సీజను పెట్టినవాడు జన్మలో ఒక్కసారి కూడా కిటికీ తెరిచి ఎరగడు. ఇది అభిప్రాయం కాదు, తేలిపోయిన విషయం. అనుమానం ఉన్నవాళ్ళు నదీ వినోద నియంత్రణ కార్యాలయానికి వెళ్ళి చూసుకోవచ్చు. అక్కడ కిటికీలన్నిటికీ మేకులు కొట్టి ఉంటాయి. తెరిస్తే ఫైళ్ళు ఎగిరిపోతున్నాయట.

ఆ కార్యాలయం లెక్క ప్రకారం గాలి ఫలానా తేదీన మొదలై ఫలానా తేదీన ఆగిపోతుంది. అంతకుముందు వీచేది గాలి కాదు, 'వాతావరణ కదలిక'. చెట్లు వంగినా కదలికే. ఆరేసిన బట్టలు ఎగిరి పక్కింటి మేడమీద పడినా కదలికే. గాలిని కొలవడానికి వాళ్ళ దగ్గర ఒక యంత్రం ఉంది. ఖరీదైనది. గాలికి పాడవుతుందని బీరువాలో పెట్టి తాళం వేశారు.

టార్పాలిన్ మేస్త్రికి ఇవన్నీ మొదట తెలియవు. ఆయనకి తెలిసింది గుడ్డ. లారీల మీద కప్పేవి, దుకాణాల ముందు దించేవి, పెళ్ళి పందిళ్ళకి కట్టేవి కుడుతూ బతికాడు. గుడ్డని రెండు వేళ్ళ మధ్య నలిపి ఇంకెంతకాలం ఆగుతుందో చెప్పగలడు. మనుషుల విషయంలో ఆ నేర్పు పనిచెయ్యలేదు.

ఆయన భార్య పురపాలక ఈతకొలనులో ఈత నేర్పేది. ఊళ్ళో సగంమంది నీళ్ళకి భయపడి కాదు, ఆవిడ గొంతుకి భయపడి ఈత నేర్చుకున్నారు. యాభై దాటాక ఆవిడకి కైట్‌బోర్డింగ్ పట్టుకుంది. ఇల్లు కప్పేంత గాలిపటాన్ని తాళ్ళతో నడుముకి తగిలించుకుని, కాళ్ళకింద పలక పెట్టుకుని, గాలి లాక్కుపోతుంటే నీళ్ళమీద పోవడమే ఆ ఆట. (మేస్త్రి మొదట ఆవిడకి గాలి సోకిందనుకున్నాడు. తర్వాత చూస్తే, ఆ అనుకోవడంలో పెద్ద తప్పేమీ లేదు.)

ఈ ఆటకి ఒడ్డున ఒక మనిషి కావాలి. గాలిపటాన్ని అంచుపట్టుకుని నిలబెట్టాలి. అవతల తాళ్ళ చివర ఉన్న మనిషి అన్నీ సరిచూసుకుని "వదులు" అంటుంది. అప్పుడు వదలాలి. ముందు వదిలితే గాలిపటం ఆ మనిషిని ఈడ్చుకుపోతుంది. అన్నాక పట్టుకుంటే తిట్లు పడతాయి. మేస్త్రి సముద్రం ఒడ్డున ఏళ్ళతరబడి ఈ పని చేశాడు. పోనుపోను ఆవిడ ఆయనకీ నేర్పింది. ఆవిడ ఎగిరేది, ఆయన పడకుండా ఉండేవాడు. పేరు మాత్రం ఇద్దరి ఆటకీ ఒకటే.

"సముద్రం మొహం మొత్తిందయ్యా. ఈసారి నదిమీదకి పోదాం. సీజను మొదలై జనం ఎగబడకముందే, మొదటి గాలికి" అనేది ఈత టీచరు. పటంలో వెతికి నదికి ఒక మలుపు ఎంచింది. వాళ్ళకి తెలిసినవాళ్ళెవరూ అక్కడికి పోయినవాళ్ళు కాదు. అందుకే ఎంచింది.

పోయిన వానల్లో ఆవిడే పోయింది. ఆసుపత్రిలో చెప్పిన ఆఖరి మాటల్లో ఒకటి ఇది: "మొదటి గాలికి నువ్వయినా వెళ్ళు. నా గాలిపటం తీసుకుపో. ఎలా ఉందో వచ్చి చెప్పు."

"ఎవరికి చెప్పమంటావ్?" అన్నాడు మేస్త్రి.

"అడ్డమైన ప్రశ్నలు వెయ్యకు" అంది ఈత టీచరు.

ఆ గాలిపటం ఎర్రది. చిరిగిన చోటల్లా మేస్త్రే మాసికలు వేశాడు. చలికాలం పోగానే దాన్ని మంచంమీద పరిచి, వేళ్ళమధ్య నలిపి చూశాడు. ఇంకొక్క మొదటి గాలికి ఆగుతుంది. ఆపైన ఇటుకల మీద కప్పడానికి కూడా పనికిరాదు. వెళితే ఈ ఏడే వెళ్ళాలి.

బావ బాగు కోరేవాడు బావమరిది అంటారు. ఈ సామెత కట్టినవాడికి బావమరిది ఉండి ఉండడు. మేస్త్రికి ఉన్నాడు. బస్సు కండక్టరుగా చేసి మానుకున్నాడు. ప్రపంచంలో ఉన్న ప్రతి యాపూ తన మేలుకోరే పుట్టిందని నమ్ముతాడు. అక్క కోరిక అనగానే ఫోను తీసుకుని దుకాణానికి వచ్చి టార్పాలిన్ చుట్టమీద కూర్చున్నాడు.

"బావా, ఈ చోటికి నాలుగున్నర చుక్కలున్నాయి!"

"ఎవరు పెట్టారు?"

"ముగ్గురు. ఒకాయన 'నది బాగుంది, కాస్త తడిగా ఉంది' అన్నాడు. ఒకావిడ 'బండి పెట్టుకోవడానికి చోటు అద్భుతం' అంది."

"మూడోవాడు?"

"ఇంకా వెళ్ళలేదట. వెళ్ళాలని ఉందట."

"లోతెంత?"

"మోకాటి లోతని రాశారు."

"ఎవరి మోకాలు?"

బావమరిది తెరని పైకీ కిందికీ జరిపాడు. "అది రాయలేదు బావా."

గాలి సంగతి చూశారు. ఒక యాప్ గాలి దక్షిణం నుంచి వస్తుందంది. ఇంకొకటి ఉత్తరం నుంచి వస్తుందంది. మూడోది ఏ దిక్కూ చెప్పకుండా 'ఈ గాలి గురించి మీ స్నేహితులకు తెలపండి' అంది. దారి చూపే యాప్ నది మలుపుని ఒక సిమెంటు గోడౌను నడిమధ్యన చూపించింది.

"మంచిదే బావా. మునిగే భయం లేదు" అన్నాడు బావమరిది. ఆయనకి బకెట్టు నీళ్ళన్నా భయమే. తోబుట్టువు ఈత టీచరు అయినవాళ్ళకి ఇలా జరుగుతుంటుంది.

సీజనుకి ముందు నదిలో దిగాలంటే 'ముందస్తు గాలి అనుమతి' కావాలి. దానికి దరఖాస్తుదారు ఒక హామీ ఇవ్వాలి. తాను కోరిన రోజున గాలి వీచుననియు, వీచనిచో బాధ్యత తనదేననియు, వీచినచో ఆ ఘనత కార్యాలయానిదేననియు. మేస్త్రి ఇచ్చాడు. గాలి తరఫున హామీ ఇవ్వడం అంతకుముందు పెద్ద పెద్ద యోగులకే చెల్లింది.

దరఖాస్తు తెలుగులోనే ఉంది. భాషమీద ప్రేమ గల ఎవరో కైట్‌బోర్డింగ్‌ని 'గాలిపటపు పలక' అని తెనిగించారు. పలక అన్న మాట కనబడగానే కార్యాలయం పోర్టల్ ఆ దరఖాస్తుని బడుల విభాగానికి పంపింది. అక్కణ్ణుంచి వెంటనే జవాబు వచ్చింది. బాలుడి వయసు రుజువు చేయవలెను. తల్లిదండ్రులలో ఒకరు సంతకం చేయవలెను. పలక పగిలినచో బడి బాధ్యత వహించదు.

మేస్త్రి పల్లెబడిలో పలకమీద అక్షరాలు దిద్దినవాడు. అప్పుడు కూడా ఎవరూ ఇన్ని అడగలేదు. బావమరిదిని వెంటబెట్టుకుని కార్యాలయానికి వెళ్ళాడు.

ప్రధాన గాలి అధికారి లేడు. ఆయన సీజనులోనే ఉంటాడు. సహాయ గాలి అధికారిణి ఉంది. నెమ్మదైన మనిషి. కుర్చీ చూపించి కూర్చోమంది. పలక గొడవ విని నొచ్చుకుంది, అప్పటికప్పుడే సరిచేసింది. ప్రభుత్వాన్ని అన్యాయంగా తిట్టుకున్నానేమోనని మేస్త్రికి ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం దాటాక ఆవిడ ఇలా అంది:

"బాబాయ్ గారూ, ఒక్కటే మిగిలింది. తోడు సమ్మతి రాలేదండీ."

"తోడేమిటి?"

"ఒంటరిగా నదిలో దిగనివ్వం కదండీ. ఒడ్డున తోడుండాలి. మీ తోడు గడిలో మీ ఇంటావిడ ఉన్నారు."

"నేను రాయలేదే."

"పోర్టలే నింపుతుందండీ. పోయినేడు ఆవిడ ఒక దరఖాస్తు పెట్టారు. అందులో తోడు మీరు. కాబట్టి మీదాంట్లో తోడు ఆవిడ." ఆ యంత్రం మర్యాదకి ఆవిడ కాస్త మురిసింది. "ఆవిడది ఇంకా పరిశీలనలో ఉందనుకోండి. మీదానికి మాత్రం ఆవిడ సమ్మతి నొక్కాలి."

"ఆవిడ పోయింది."

"ఎప్పుడొస్తారు?"

"చచ్చిపోయిందమ్మా."

"అయ్యయ్యో!" అంది అధికారిణి. నిజంగానే బాధపడింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "మరి ఆ సంగతి పోర్టల్‌కి తెలియదు కదండీ."

"చెప్పండి."

"మేం చెప్పకూడదండీ. తోడు మారాలంటే పాత తోడే స్వయంగా ఒప్పుకోవాలి. మగవాళ్ళు ఇంట్లో చెప్పకుండా తోడు మార్చేస్తున్నారని ఈ నిబంధన పెట్టారు."

మేస్త్రి సంచిలోంచి మరణ ధ్రువపత్రం తీసి బల్లమీద పెట్టాడు. ఆవిడ దాన్ని గౌరవంగా చదివి, రెండు చేతులతో తిరిగి ఇచ్చింది.

"మరణం మా పరిధిలోకి రాదండీ. మా దగ్గర రెండే ఉన్నాయి. హాజరు, గైర్హాజరు. ఆవిడ గైర్హాజరని ఎక్కడైనా నమోదైతే చెప్పండి, క్షణంలో చేసిపెడతాను."

"నేనుంటా కదమ్మా తోడు, సొంత తమ్ముణ్ణి" అన్నాడు బావమరిది.

"మీకు ఈత వచ్చా అండీ?"

"ఒడ్డునుంటే ఈతెందుకమ్మా?"

"రాసుకుంటాను" అంది ఆవిడ. రాసుకుంది. అది ఎవరికి పంపుతారో చెప్పలేదు.

ఈత టీచరు ఫోను ఇంట్లో ఇప్పటికీ ఛార్జింగులోనే ఉంటుంది. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగితే మేస్త్రి చెప్పేవాడూ కాదు. ఇద్దరూ దాన్ని తెరిచి సమ్మతి దగ్గరికి వెళ్ళారు. యాప్ ముఖం చూపమంది. బావమరిది గోడమీది ఫొటో దించి ఫోను ఎదురుగా పట్టుకున్నాడు.

"ముఖం ఒప్పుకుంది బావా!"

మేస్త్రి ఫొటో అద్దంమీది దుమ్ము తుడిచాడు.

"కన్ను ఆర్పమంటోంది."

ఫొటో కన్ను ఆర్పలేదు. బతికున్నప్పుడు కూడా ఈత టీచరు ఒకరు చెబితే కన్ను ఆర్పే రకం కాదు. బావమరిది ఫొటోని అటూ ఇటూ ఊపాడు. వెలుగుకి తిప్పాడు. "ఒక్కసారి అక్కా, ఒక్కసారి" అని ఫొటోని బతిమాలాడు.

"తగిలించు దాన్ని" అన్నాడు మేస్త్రి.

తర్వాత కొన్నాళ్ళకి మొదటి గాలి వచ్చింది. దాన్ని మేస్త్రి ఏ యాప్‌లోనూ చూడలేదు. దుకాణం ముందు ఆరేసిన టార్పాలిన్లు ఒక్కసారిగా పొట్టలు ఉబ్బించి చప్పుడు చేశాయి. ఆయన సూది ఆపి విన్నాడు. ఈ గాలి మహా అయితే రెండు మూడు రోజులు ఉంటుంది. అది పోయాక వచ్చేది సీజను. సీజనులో ఉండేవి జనం, బల్లలు, అధికారులు.

అప్పుడే బావమరిది పరుగెత్తుకుంటూ వచ్చాడు. చెప్పులు ఒకటి ఆయనది, ఒకటి ఇంకెవరిదో.

"బావా! వచ్చింది! అనుమతి వచ్చేసింది! రేపటికే!"

మేస్త్రి లేచి నిలబడ్డాడు. చాలాకాలం తర్వాత ఆయన మొహంలో ఏదో కదిలింది. (కదలికే. సీజను ఇంకా రాలేదు కాబట్టి.)

"చూడనీ."

బావమరిది ఫోను ఇవ్వబోయి ఆగాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఎవరికి వచ్చిందిరా?"

"అక్కకి."

పోయినేడు పెట్టిన దరఖాస్తు అన్ని బల్లలూ దాటి, అన్ని సంతకాలూ పూర్తిచేసుకుని, ఒక్క తప్పు కూడా లేకుండా మంజూరైంది. నదిలో దిగువారు: ఈత టీచరు. తోడు: మేస్త్రి. కార్యాలయం చరిత్రలో గాలి ఉన్న రోజుకే అనుమతి రావడం అదే మొదటిసారి.

"పోదాం" అన్నాడు మేస్త్రి. "అక్కడ మనిషన్నవాడు ఒకడుంటాడు కదా. చెప్పుకుందాం."

దారి చూపే యాప్ వాళ్ళని సిమెంటు గోడౌనుకే తీసుకెళ్ళింది. గోడౌను కాపలాదారు వాళ్ళని చూసి ఏమీ అడగకుండానే వెనక సందు చూపించాడు. నదికి వచ్చేవాళ్ళందరూ ముందు అక్కడికే వస్తారట.

మలుపు ఆవిడ చెప్పినట్టే ఉంది. వెడల్పుగా, ఖాళీగా, నదిలో ఒక్క మనిషి లేకుండా. గాలి నీళ్ళ మీద ఒడ్డుకి పక్కవాటుగా, ఒకే తీరుగా వీస్తోంది. సముద్రం మీద ఇలాంటి గాలికోసం ఈత టీచరు పొద్దంతా ఇసకలో కూర్చునేది.

ఒడ్డున గొడుగు కింద కుర్చీ ఉంది. కుర్చీలో రేవు పర్యవేక్షకుడున్నాడు. ఆయన చేతిలో మైకు. వెనక రేకుల షెడ్డు. అనుమతి లేకుండా దిగినవాళ్ళ గాలిపటాలు అందులో పోగుపడి ఉన్నాయి. స్వాధీనం చేసుకున్నవి తిరిగి ఇవ్వడం ఎలాగో నిబంధన ఇంకా రాయలేదట.

పర్యవేక్షకుడు అనుమతి చూసి సంతోషించాడు. "అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇలా ఉండటం నేనెప్పుడూ చూళ్ళేదు. ఆవిడేరీ?"

"రాలేదు" అన్నాడు మేస్త్రి.

"వెనక వస్తున్నారా?"

"ఆవిడ అనుమతి మీద నేను దిగుతాను. నేను మొగుణ్ణి."

"మొగుడూ పెళ్ళాం ఒకటే కదండీ" అని బావమరిది అందుకున్నాడు.

"అది ఇంటిపన్నుకండీ. నదికి కాదు." పర్యవేక్షకుడు చెడ్డవాడు కాదు. మేస్త్రి మొహం చూసి నిబంధనల పుస్తకం ఆసాంతం తిరగేశాడు. "మీరు తోడు. తోడు దిగరాదు. కానీ ఇదిగో, తోడు గాలిపటం పట్టుకుని నిలబడొచ్చు. దిగేవారు వచ్చి స్వయంగా 'వదులు' అనేవరకు వదలరాదు. వదిలితే స్వాధీనం."

"ఆ పని నాకు తెలుసు" అన్నాడు మేస్త్రి.

షెడ్డు వైపు ఒకసారి చూశాడు. సంచి విప్పాడు. ఎర్ర గాలిపటాన్ని పరిచాడు, దాని అంచు గొట్టాల్లో పంపుతో గాలి నింపాడు, తాళ్ళు చిక్కు తీసి ఆవిడ నిలబడే చోటువరకు పొడుగ్గా పరిచాడు. వెనక్కి వచ్చి అంచు పట్టుకుని గాలిపటాన్ని నిలబెట్టాడు. గాలి దాన్ని పట్టుకుంది. మాసికలన్నీ ఒక్కసారి బిగుసుకున్నాయి. అవతల తాళ్ళ చివర ఇసక ఉంది.

"గైర్హాజరు రాసేముందు మూడుసార్లు పిలవాలండీ" అని పర్యవేక్షకుడు మైకు తీశాడు. గొంతు సవరించుకున్నాడు.

"ముందస్తు గాలి అనుమతి పొందిన ఈత టీచరు గారూ! మీ తోడు మీకోసం రేవులో ఎదురుచూస్తున్నారు. మీరు ఎక్కడున్నా వెంటనే రావలెను!"

ఆ పిలుపు నది దాటి అవతలి గట్టుకి తగిలి 'రావలెను' అంటూ తిరిగి వచ్చింది. (కార్యాలయానికి పంపినవన్నీ అలాగే తిరిగొస్తాయి.) మేస్త్రి తల తిప్పకూడదనుకున్నాడు. తిప్పాడు. నీళ్ళమీద ఎవరూ లేరు.

రెండోసారి పిలిచేసరికి బావమరిది ఇసకలో కూలబడి కండువాలో మొహం దాచుకున్నాడు. గాలి పెరిగింది. గాలిపటం పోతానంటోంది. మేస్త్రి మడమలు ఇసకలో దిగబడ్డాయి.

"వదిలెయ్యి బావా" అన్నాడు బావమరిది. "ఇంక వదిలెయ్యి."

"ఆ మాట అనాల్సింది నువ్వు కాదు."

మూడోసారి పర్యవేక్షకుడు కాస్త మెల్లగా పిలిచాడు. బహుశా ఆయనకి అర్థమైంది. అర్థమైతే ఏం చెయ్యాలో పుస్తకంలో లేదు.

అప్పుడు చప్పుడైంది. మేస్త్రికి ఆ చప్పుడు ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆయన వేసిన మాసికలు ఒక్కటీ పోలేదు. వాటి పక్క గుడ్డ పోయింది. ఈ అంచు నుంచి ఆ అంచుకి నిలువునా చిరిగి, ఎర్ర గాలిపటం ఆయన చేతుల్లోనే మెత్తబడి కూర్చుంది. ఆయన అప్పటికీ వదల్లేదు. వదలమన్నవాళ్ళు లేరు కాబట్టి అది నిబంధనల ప్రకారమే.

పర్యవేక్షకుడు 'గైర్హాజరు' అని నమోదు చేశాడు. మడత పెట్టడానికి సాయం వస్తానన్నాడు. మేస్త్రి అక్కర్లేదన్నాడు.

బండి ఎక్కారు. గోడౌను దాటకముందే మేస్త్రి ఫోను మోగింది. శుభవార్త. మీ పాత తోడు గైర్హాజరైనట్లు నమోదైనందున మీరు ఇప్పుడు కొత్త తోడును ఎంచుకోవచ్చు. కింద మూడు గడులు, ఒక నవ్వుమొహం. నది వద్ద మీ అనుభవం ఎలా ఉంది?

మేస్త్రి ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాడు. చాలా దూరం వచ్చాక బావమరిది ఉండబట్టలేక అడిగాడు.

"బావా... ఇంతకీ నది ఎలా ఉందంటావ్?"

మేస్త్రి ఒళ్ళో ఎర్రగుడ్డ ఉంది. అలవాటు కొద్దీ వేళ్ళు దాన్ని నలుపుతున్నాయి.

"అది అడగాల్సిన మనిషి గైర్హాజరు. రికార్డులో ఉంది" అన్నాడు. "ఇంక ఈ మాట నా దగ్గర ఎప్పుడూ ఎత్తకు."